వినపడుతోందిరా, తెలియట్లా!

కిందటి సంక్రాంతి సెలవులకి తెనాలిలో రైలు దిగి, ఆటో ఎక్కి, మా సందు మొదట్లో దిగి బ్యాగు ఈడ్చుకుంటూ వస్తున్నాను. ఇంకా నాలుగిళ్ళ అవతల ఉండగానే మా టీవీ వినపడింది. సీరియల్. ఎవరో ఏడుస్తున్నారు, వెనక వయొలిన్లు. గేటు తీసేసరికి అమ్మ వంటింట్లోంచి "అత్తయ్యా, కొంచెం తగ్గించండి" అని కేకేస్తోంది. ఆ కేక నాన్నమ్మ దాకా రాలేదు, మధ్యలో వయొలిన్లు తినేశాయి. నాన్నమ్మ కిటికీ పక్కన తన చెక్క కుర్చీలో ముందుకి వంగి కూర్చుని తెర వంకే చూస్తోంది. తెర అడుగున వాల్యూం గీత, దాని పక్కన అంకె 42.

మా ఇంట్లో మిగతా వాళ్ళ వాల్యూం 15. ఈ 15కీ 42కీ మధ్య రెండేళ్ళుగా యుద్ధం జరుగుతోందని నాకు ఫోన్లో తెలుస్తూనే ఉంది. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాను కాబట్టి నాకది కామెడీ. రోజూ అందులో ఉండేవాళ్ళకి కాదు. నాన్న ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకముందే రిమోట్ అందుకుని 15కి తెచ్చేస్తారు. నాన్నమ్మ ఏమీ అనదు. ఓ పది నిమిషాలు అలాగే చూస్తుంది. తర్వాత లేచి తన గదిలోకి వెళ్ళి లైటు తీసేసి పడుకుంటుంది. అప్పటికి టైం ఏడున్నర కూడా అయి ఉండదు. ఏడున్నరకి ఎవరికైనా నిద్ర వస్తుందా?

(ఈ వ్యాసంలో డెసిబెల్, ఫిల్టర్ లాంటి మాటలు వస్తాయి. కవితల మధ్య ఈ గోలేంటని ఎడిటర్ తిట్టకపోతే చాలు. ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, తెలుగులో తప్పులు కూడా వస్తాయి. సర్దుకోండి.)

మా నాన్నమ్మకి 76 ఏళ్ళు. ఆవిడకి చెవుడు వచ్చిందని ఇంట్లో అందరం తీర్మానం చేసేశాం. ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "వినపడుతోందిరా, తెలియట్లా" అంటుంది. ఎప్పుడడిగినా అదే మాట, ఒక్క అక్షరం మారదు. నాన్న నవ్వేవారు. "వినపడితే తెలియకపోవడమేంటమ్మా? అది తెలుగే కదా!" అనేవారు. నేనూ నవ్వాను. అంతటితో ఆగలేదు, ఆ మాటని జోకు చేసేశాను. క్లాసులో డిస్క్రీట్ మ్యాథ్స్ అర్థం కాకపోతే ఫ్యామిలీ గ్రూపులో "వినపడుతోంది, తెలియట్లా" అని మెసేజ్ పెట్టేవాణ్ణి. అమ్మ నవ్వుతున్న బొమ్మలు పెట్టేది. నాన్నమ్మకి వాట్సాప్ లేదు.

ఆ సెలవుల్లో మొదటి రోజు సాయంత్రం పక్కింటి పిన్నిగారు వచ్చారు. నాన్నమ్మ ఆవిడకి సీరియల్ కథ చెప్తోంది. అత్తగారు పైకి కఠినంగా ఉన్నా లోపల కోడలికి సాయం చేస్తోందట, కోడలు దాచుకున్న ఉత్తరం కొడుకు కంట పడకుండా అత్తే తీసి దేవుడి గూట్లో పెట్టిందట. కథ భలేగా ఉంది. పిన్నిగారు నా వంక చూసి కళ్ళతోనే నవ్వారు. తర్వాత గేటు దగ్గర చెప్పారు, "అలాంటిదేం లేదురా, ఆ అత్త పెద్ద రాక్షసి. ఉత్తరం కాల్చేసింది. మీ నాన్నమ్మ మొహాలు చూసి కథ అల్లుకుంటోంది పాపం" అని.

నాకు ఆ రాత్రి నవ్వు రాలేదు. రెండేళ్ళ నుంచి రోజూ గంటన్నర సేపు, మాటలు తెలియని సినిమా చూస్తూ, దానికి తనే మాటలు రాసుకుంటూ కూర్చుందా ఈవిడ? మనకి తెలుగు సినిమాలో డైలాగ్ తెలియకపోతే ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటాం. హాస్టల్లో మా రూమంతా అంతే, తెలుగు వాళ్ళం తెలుగు సినిమాని ఇంగ్లీష్ చదువుకుంటూ చూస్తాం. నాన్నమ్మ చదివే తెలుగుకి నేను చాలను, టీవీ కింద స్క్రోలింగ్ నేను కూడబలుక్కునేలోపు ఆవిడ రెండుసార్లు చదివేస్తుంది. కానీ ఆ సీరియల్‌కి కింద తెలుగు అక్షరాలు ఎవరు వేస్తారు?

మర్నాడు పొద్దున టీవీని మొదటిసారి సరిగ్గా చూశాను. ఇన్నాళ్ళూ దాంట్లో చూశాను గానీ దాన్ని చూడలేదు. 43 అంగుళాలది, పలచగా ఉంటుంది. హోటల్ గదుల్లో ఉన్నట్టు ఉండాలని నాన్న గోడకి బాగా ఎత్తులో బిగించారు. దానికింద షోకేసు. స్పీకర్లు ఎక్కడున్నాయా అని ముందంతా వెతికితే కనపడలేదు. కుర్చీ ఎక్కి చేత్తో తడిమితే టీవీ అడుగున సన్నటి చిల్లులు తగిలాయి. నేల వైపు చూస్తూ ఉన్నాయి! అంటే మా టీవీ ఇన్నాళ్ళూ మాతో మాట్లాడలేదు, షోకేసులో ఉన్న తిరుపతి బొమ్మలతోనూ నా టెన్త్ క్లాస్ షీల్డుతోనూ మాట్లాడింది. వెనక లేబుల్ మీద 10 వాట్లు ప్లస్ 10 వాట్లు అని ఉంది.

ఇది మా ఒక్క టీవీ తప్పు కాదు. తెర చుట్టూ అంచు లేకుండా, మందం లేకుండా టీవీ కావాలని మనమే అడిగాం. ముందు వైపు స్పీకర్‌కి చోటు పోయింది, అందుకే అడుక్కో వెనక్కో తిప్పారు. మందం లేదు కాబట్టి స్పీకర్ చిన్నదైపోయింది, అది కదిలించే గాలీ తగ్గిపోయింది. పాత డబ్బా టీవీకి తెర పక్కనో కిందో ఎదురుగానే జల్లెడలాంటి స్పీకర్ ఉండేది. మాకూ 21 అంగుళాలది ఉండేది, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం. "పాత టీవీయే నయం" అని నాన్నమ్మ అప్పట్లో చాలాసార్లు అంది. ముసలివాళ్ళు అన్నిటికీ అలాగే అంటార్లే అనుకున్నాం.

సరే, కంప్యూటర్ సైన్స్ వాణ్ణి కదా (మా బంధువుల దృష్టిలో అంటే టీవీ, మిక్సీ, ప్రింటర్ అన్నీ వచ్చినవాణ్ణి), రంగంలోకి దిగాను. డబ్బులు ఖర్చు పెట్టకుండా మొదట సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. "స్టాండర్డ్" అని ఉన్నదాన్ని "క్లియర్ వాయిస్"కి మార్చాను. ఇది గుమ్‌గుమ్ తగ్గించి, మాట ఉండే భాగాన్ని కాస్త పైకి లేపుతుంది. తేడా తెలిసింది, అమ్మకి. నాన్నమ్మకి అంతగా కాదు. అయినా మీ ఇంట్లో ఇది ఇవ్వాళే చేసి చూడండి, పోయేదేం లేదు.

తర్వాత నా బ్లూటూత్ స్పీకర్ కలిపాను. ఆన్ చేయగానే అందులోంచి ఓ అమ్మాయి ఇంగ్లీషులో ఏదో అంది, నాన్నమ్మ ఉలిక్కిపడి "ఎవర్రా?" అంది. సరే అది పక్కన పెడితే, మూతి ముందు కదిలి మాట తర్వాత వస్తోంది. బ్లూటూత్ శబ్దాన్ని ముక్కలుగా కుదించి, పంపి, అవతల మళ్ళీ విప్పాలి కాబట్టి మామూలు రకాల్లో సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యం సహజం. మనకి అది చిరాకు అంతే. కానీ మాట సరిగా తెలియని మనిషి పెదాలు చూసి సగం పోల్చుకుంటుంది. ఆవిడకి ఉన్న ఆ ఒక్క ఆధారాన్నీ నేను చెడగొట్టాను. అయిదు నిమిషాలు చూసి "ఇది వద్దురా, తల తిరుగుతోంది" అంది.

మూడో ప్రయత్నం మా మావయ్య ఇంట్లో మూల పడి ఉన్న హోం థియేటర్. అయిదు చిన్న డబ్బాలు, ఒక పెద్ద ఊఫర్. స్కూటీ మీద రెండు ట్రిప్పులు. గది నాలుగు మూలలా వైర్లు లాగి, ఊఫర్ నాన్నమ్మ కుర్చీ పక్కనే పెట్టి (నా తెలివి చూడండి), సీరియల్ టైంకి ఆన్ చేశాను. విలన్ గుమ్మంలోకి వచ్చేసరికి వచ్చిన ఆ దడదడకి కిటికీ రెక్కలు కదిలాయి. నాన్నమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "గుండెల్లో కొడుతోంది, ఆపు" అంది. తర్వాత తెలిసిందేంటంటే లావు శబ్దం సన్న శబ్దాన్ని చెవిలోనే కప్పేస్తుంది. ఊఫర్ పెంచేకొద్దీ మాట ఇంకా మునిగిపోతుంది. ఇంటికి పెద్ద హోం థియేటర్ తెస్తే డైలాగ్ బాగా తెలుస్తుందనుకునే వాళ్ళకి ఇది నా తరఫున హెచ్చరిక. ఆ రాత్రికే స్కూటీ మీద మళ్ళీ రెండు ట్రిప్పులు.

వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు తట్టింది. నేను చేసినవన్నీ శబ్దం పెంచడానికే. నాన్నమ్మ ఎప్పుడైనా శబ్దం చాలట్లేదు అందా? "వినపడుతోంది" అనే కదా అంది. మేం ఆ మాట మొదటి సగం వదిలేసి, రెండో సగానికి నవ్వుతూ వచ్చాం.

ఆ రాత్రి కూర్చుని చదివాను. వయసుతో వచ్చే వినికిడి లోపం వాల్యూం తగ్గించినట్టు అంతా ఒకేలా తగ్గించదు. సన్నటి శబ్దాలు, అంటే సెకనుకి ఎక్కువసార్లు కంపించేవి, ముందు పోతాయి. లావు శబ్దాలు చాలాకాలం మిగులుతాయి. ఇప్పుడు తెలుగు మాటలో ఏది ఎక్కడుంటుందో చూడండి. అ, ఆ, ఒ, ఓ లాంటి అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపే. మాటకి గట్టిదనం వాటిదే. 'స' లాంటి హల్లు బలం 4000 హెర్ట్జ్‌కి పైన. క, చ, త, ప మొదట్లో వచ్చే ఆ చిన్న టప్పుమనే శబ్దం సన్నగా, క్షణంలో వచ్చి పోతుంది. మనది అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుందని స్కూల్లో గొప్పగా చెప్పారు. నిజమే. అందుకే నాన్నమ్మకి మాటల తోకలన్నీ చక్కగా వినపడుతున్నాయి. ఏ మాటకి ఏ తోకో తెలియాలంటే హల్లు కావాలి.

దానికి తోడు మా టీవీ. లావు శబ్దం అడుగు నుంచి బయల్దేరినా వంపు తిరిగి గదంతా పాకుతుంది. సన్నటిది టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతుంది. టీవీ అడుగున ఉన్న స్పీకర్‌కి తిన్నగా అంటే షోకేసులోకి. పైగా మాది మొజాయిక్ గచ్చు, బోసి గోడలు, కర్టెన్లు సంక్రాంతికి ఉతకడానికి తీసేశారు. హాల్లో చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొడతాయి. ఒక మాట చెవికి చేరేసరికి దాని ముందు మాట ఇంకా గదిలో తిరుగుతూనే ఉంటుంది. నాన్నమ్మ కుర్చీకి సరిగ్గా పైన ఫ్యాన్, జనవరిలో కూడా. వీటన్నిటి మీదా వాల్యూం 42 పెడితే పెరిగేది గోల.

చదివింది నాకు అర్థమైంది గానీ ఇంట్లో చెప్తే పాఠం చెప్తున్నానంటారు. అందుకని ఒక పని చేశాను. ఫోన్లో నా గొంతు రికార్డ్ చేశాను: కాలు, పాలు, చాలు, కాలు, చాలు, పాలు. తర్వాత సుధ, ఉమ, చుట్టం, ముత్యం, పచ్చడి, మచ్చలు. ఆఖర్న ఒక మామూలు వాక్యం, మా వీధి గురించి. లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో లో-పాస్ ఫిల్టర్ వేసి 1000 హెర్ట్జ్ పైనున్నదంతా కోసేశాను. వాల్యూం మాత్రం బాగా పెంచాను. చెవి నిజంగా ఇలా కత్తిరించినట్టు పని చేయదని నాకు తెలుసు, ఇది మోటు నమూనా. కానీ దగ్గర దగ్గరగా చూపిస్తుంది.

పొద్దున కాఫీల దగ్గర అమ్మానాన్నలకి చెరో ఇయర్‌ఫోన్ ఇచ్చి వినిపించాను.

అమ్మ మొహం చిట్లించింది. "ఆలు, ఆలు, ఆలు అంటున్నావు. ఇవ్వాళ బంగాళాదుంప కూర చెయ్యమనా?"

నాన్న కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నారు. మళ్ళీ. నీళ్ళ ట్యాంకు లోపల్నించి ఎవరో మాట్లాడుతున్నట్టుందన్నారు. ఆఖరి వాక్యం దగ్గర రెండుసార్లు వెనక్కి పెట్టించుకున్నారు. "గట్టిగానే ఉందిరా, వినపడుతోంది గానీ..." అని ఆగిపోయారు.

మిగతా సగం ఆయన అనలేదు. అమ్మ కాఫీ గ్లాసు వంక చూస్తోంది. లోపల గదిలో నాన్నమ్మ తులసికోటకి నీళ్ళు పొయ్యడానికి చెంబు వెతుక్కుంటోంది. నాన్న ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి ఆవిడకి చెంబు అందించారు. మా నాన్న అలాంటివి చేసే మనిషి కాదు.

అక్కణ్ణించి పని తేలికైంది, ఎందుకంటే ఏం కావాలో తెలిసింది. మాట వచ్చే చోటు నాన్నమ్మ చెవికి దగ్గరగా, ఎదురుగా, చెవి ఎత్తులో ఉండాలి. ఊఫర్ వద్దు. ఆలస్యం వద్దు, కాబట్టి వైరే. ఇంటర్‌లో నా కంప్యూటర్‌కి కొన్న చిన్న స్పీకర్ల జత అటక మీద ఉంది. రెండు డబ్బాలు, ఒకదానికి ముందు వైపు వాల్యూం తిప్పుడు బొత్తం, కరెంటుకి యూఎస్‌బీ వైరు, పాటకి సన్నటి జాక్. స్పీకర్ లోపలే యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి వేరే ఏమీ కొనక్కర్లేదు. ఇలాంటివి టీవీ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టేస్తే చాలు. కొన్నది ఒక్కటే, బజార్లో అయిదు మీటర్ల పొడిగింపు వైరు, రెండొందల లోపు.

టీవీ నుంచి నాన్నమ్మ కుర్చీకి టేపు పెట్టి కొలిస్తే మూడున్నర మీటర్లు. స్పీకర్లు పెట్టింది కుర్చీకి మీటరు దూరంలో, రెండు స్టూళ్ళ మీద, ఆవిడ కూర్చున్నప్పుడు చెవులు ఉండే ఎత్తులో, కొద్దిగా ఆవిడ వైపు తిప్పి. దూరం మూడున్నర నుంచి ఒకటికి తగ్గితే తిన్నగా వచ్చే శబ్దం సుమారు 11 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు అయినట్టుంటుంది. అది కూడా ఒక్క ఆవిడకే. గోడలు తిప్పికొట్టే గోల మాత్రం అంతే ఉంటుంది. అంటే మాట పైకి లేచింది, గోల అక్కడే ఉంది. వాల్యూం బటన్ ఎంత నొక్కినా ఈ పని జరగదు, అది రెండిట్నీ కలిపి పెంచుతుంది.

పాటల పిచ్చి ఉన్నవాళ్ళు నన్ను తిడతారని తెలుసు. రెండు స్పీకర్లు టీవీకి అటూ ఇటూ ఉండాలి, వినే మనిషితో కలిపి త్రికోణం కావాలి అంటారు. సంగీతానికి అది నిజం. ఇక్కడ బొమ్మ ఒక చోట, మాట ఇంకో చోట. మొదటి రోజు నాన్నమ్మ స్పీకర్ వంక చూస్తూ సీరియల్ వింది. రెండు రోజుల్లో అలవాటైపోయింది.

రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, యూఎస్‌బీ వైరుని టీవీ వెనకే గుచ్చాను, టీవీతో పాటే ఆన్ అవుతుంది కదా అని. గుయ్‌య్ మని ఒకటే మోత. కరెంటూ పాటా రెండూ ఒకే టీవీ నుంచి వస్తే ఆ రెండు తీగలూ కలిసి ఒక చుట్టు ఏర్పడి టీవీ లోపలి చిల్లర శబ్దాలన్నీ స్పీకర్‌లోకి ఎక్కుతాయి. పాత ఫోన్ చార్జర్‌కి మార్చగానే పోయింది. రెండోది, జాక్ గుచ్చగానే టీవీ సొంత గొంతు ఆగిపోయింది, వంటింట్లో అమ్మకి సీరియల్ బంద్. మళ్ళీ సెట్టింగ్స్‌లో వెతికితే, టీవీ స్పీకర్ హెడ్‌ఫోన్ రెండూ కలిపి మోగే ఏర్పాటు లోపల ఎక్కడో దాక్కుని ఉంది. అన్ని టీవీల్లో ఉండదు, కొనేముందు మీ దాంట్లో చూసుకోండి. హెడ్‌ఫోన్ రంధ్రమే లేకపోతే వెనక ఎర్రటి వెలుగు వచ్చే ఆప్టికల్ రంధ్రం ఉంటుంది. దానికి మధ్యలో ఒక చిన్న మార్పిడి డబ్బా కావాలి. టీవీ ఆడియోని పీసీఎం అని పెట్టాలి, డాల్బీలో వదిలేస్తే ఆ చవక డబ్బాకి అర్థం కాక గరగరలాడుతుంది, లేదా మూగబోతుంది.

ఆ రెండో చిక్కు తీరడం వల్లే అసలు యుద్ధం ఆగింది. ఇప్పుడు టీవీ 15లో ఉంటుంది, అది నాన్నది. నాన్నమ్మ స్పీకర్ మీద తిప్పుడు బొత్తం ఉంది, అది ఆవిడది. ఎంతలో పెట్టుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ వచ్చి తగ్గించరు. అమ్మ ఆ బొత్తం మీద గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టింది. చుక్క పైకి వస్తే చాలు.

మొదటి రోజు సాయంత్రం ఏడు గంటలకి నాన్నమ్మ కూర్చుంది. నేను చార్జర్ స్విచ్ వేశాను. ఫ్యాన్ రెండులో పెట్టాం. నాన్న పేపర్ చదువుతున్నట్టు నటిస్తున్నారు. సీరియల్లో అత్త ఏదో అంది. నాన్నమ్మ మెడ ఎత్తింది. ముందుకి వంగి లేదు, నేను గమనించిన మొదటి తేడా అదే, కుర్చీకి వీపు ఆనించి కూర్చుంది. అరగంటయ్యింది. ప్రకటనలొచ్చాయి. నేను ఆగలేక అడిగాను.

"నాన్నమ్మా, తెలుస్తోందా?"

"తెలుస్తోంది" అంది. కాసేపాగి, "ఈవిడ నోరు మంచిది కాదురా. ఇన్నాళ్ళూ ఎంత మంచిదనుకున్నానో" అంది.

పక్కనే ఉన్న అమ్మకి నవ్వాగలేదు. నాన్నమ్మ నవ్వలేదు, నిజంగానే బాధపడింది. రెండేళ్ళు ఆవిడ ఆ అత్తకి మంచి గుణం ఇచ్చి కాపాడుకుంటూ వచ్చింది. ఆ వారంలోనే సీరియల్ మానేసింది. "నేననుకున్న కథే బాగుంది" అంది. ఇప్పుడు ఏడు గంటలకి వార్తలు, తర్వాత పాత సినిమాలు. పాత సినిమాల్లో మాట ముందుంటుంది, సంగీతం మాటకి దారి ఇస్తుంది, అవి ఇంకా బాగా తెలుస్తున్నాయట. పది దాకా మెలకువగానే ఉంటోంది.

స్పీకర్లతో అన్నీ తీరిపోలేదు, అది కూడా చెప్పాలి. సెలవులయ్యేలోపు నాన్న ఆవిణ్ణి గుంటూరులో చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు, నేనూ వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయట కాగితం మీద గ్రాఫు వచ్చింది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూలు. ఎడమ పక్క, లావు శబ్దాల దగ్గర, రెండు గీతలూ పైన బాగానే ఉన్నాయి. 1000 దాటాక కిందకి దిగడం మొదలుపెట్టి, 4000 దగ్గరికి వచ్చేసరికి మా ఊరి కాలవ గట్టులా జారిపోయాయి. నాన్న ఆ కాగితం చాలాసేపు పట్టుకున్నారు. దాంట్లో రాసి ఉన్నది ఆవిడ రెండేళ్ళుగా చెప్తున్న మాటే.

డాక్టర్ గారు వినికిడి యంత్రం పెట్టుకుంటే మంచిదన్నారు. స్పీకర్ టీవీకే పనికొస్తుంది, మనుషులకి కాదు కదా. నాన్నమ్మ ఒప్పుకోలేదు. "అది పెట్టుకుంటే ముసలిదాన్నయిపోయాననుకుంటారు" అంది, 76 ఏళ్ళకి. ఆ చర్చ ఇంకా నడుస్తోంది, నాన్న ఉగాది దాకా గడువిచ్చారు, ఉగాది అయిపోయింది. ఈలోగా ఇంట్లో కేకలు మాత్రం తగ్గాయి. అమ్మ వంటింట్లోంచి పిలవడం మానేసి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడి చెప్తోంది. నాన్న ఒక్కోసారి మర్చిపోయి అరుస్తారు, గుర్తొచ్చి ఆగుతారు. నేను ఫ్యామిలీ గ్రూపులో ఆ జోకు మళ్ళీ పెట్టలేదు. పాతవి వెతికి డిలీట్ చేద్దామనుకున్నాను, టైం దాటిపోయింది, నా ఫోన్లోంచి మాత్రమే పోతాయంది. వదిలేశాను.

పోయిన ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే నాన్నమ్మ తీసింది. ఫోన్లో ఆవిడకి ఇప్పటికీ కష్టమే, అందుకని నేను మెల్లగా, మాట మాటకీ ఎడమిచ్చి మాట్లాడతాను. బాగున్నావా అంటే బాగున్నానంది. తిన్నావా అంటే తిన్నానంది. ఇంక పెట్టేద్దామనుకుంటుంటే తనే అంది,

"ఒరేయ్, నిన్న ఎడం పక్క డబ్బా మోగలేదు. ఒకటే పలికింది."

"అయ్యో, నాన్నకి చెప్పకపోయావా? వైరు చూస్తారు కదా."

"వాడికెందుకు చెప్పడం, వాడికేం తెలుసు? జాక్ లూజైంది. తీసి మళ్ళీ తిప్పి పెట్టా, వచ్చింది" అంది.